చివరి అంకె నాలుగు

మంగళవారం పొద్దున ఆరు యాభైరెండుకు ప్రింటర్ ఎవరూ ముట్టుకోకుండానే గుర్రుమని లేచి, ఐలేశం చనిపోయాడని ఒక కాగితం బయటపెట్టింది; ఆ సమయానికి ఐలేశం పెరట్లో మేకపోతుకు తుమ్మకొమ్మ వేస్తూ దాన్ని తిడుతున్నాడు.

సుచరిత జడలో దువ్వెన అలాగే వదిలేసి కాగితం చేతిలోకి తీసుకుంది. ఇంకా వేడిగా ఉంది. పైన పెద్ద అక్షరాల్లో రైతు బీమా దరఖాస్తు. కింద వరసగా గళ్లు, గళ్ల నిండా టైపు చేసిన వివరాలు. మరణించిన రైతు పేరు: ఐలేశం. ఆధార్ ప్రకారం పుట్టిన తేదీ: 01-01-1963. మరణించిన తేదీ: 12-08-2022. కారణం: విద్యుదాఘాతం. నామినీ: సుచరిత, కూతురు. సంతకం చేయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

ఆమె గోడమీది క్యాలెండర్ వంక చూసింది. ఆ రోజు తొమ్మిదో తేదీ.

"నీ అయ్య కొట్టుకొచ్చిండా గీ కొమ్మ? కాలుతోని తొక్కుతున్నవు! తిను, దొంగమొకపోడా!" పెరట్లోంచి తండ్రి గొంతు వినబడుతూనే ఉంది. ఆ గొంతు వింటూ ఆ కాగితం పట్టుకుని నిలబడటం సుచరితకు వల్ల కాలేదు. కుర్చీలో కూలబడింది.

ఆరు యాభైఎనిమిదికి ప్రింటర్ మళ్లీ లేచింది. రెండో కాగితం. అదే దరఖాస్తు, అవే వివరాలు. ఒక్కటే తేడా. మరణించిన తేదీ 11-08-2022.

ఎవరో ఆమె తండ్రి చావును ఒకరోజు ముందుకు జరిపారు.

ముందువైపు నుంచి చెప్పుల చప్పుడు వినబడింది. ఎందుకో ఆమెకే తెలియదు, రెండో కాగితాన్ని బల్లమీది లెక్కల ప్రశ్నపత్రాల కిందికి నెట్టేసింది. మొదటిది చేతిలోనే ఉండిపోయింది. లోపలికి వచ్చింది ఆమె భర్త ప్రేమ్‌సాగర్.

"నీళ్లు కాగినయా?"

"గిది చూడు. దానంతట అదే వచ్చింది."

అతడు కాగితం తీసుకున్నాడు. అంతా చదవలేదు. కళ్లు నేరుగా మధ్యలో ఒక గడి దగ్గరికి పోయి ఆగాయి. ఆ సంగతి ఆమెకు తర్వాత గుర్తొచ్చింది.

"రామచంద్రం పనే ఇది. ఆయన సెంటర్ల ఊరందరి ఫారాలుంటయి. ఇద్దరం ఒక్క వైఫైయే వాడుకుంటున్నం గద. ఆడ కొట్టింది ఈడికొచ్చింది."

"నాయిన పేరెందుకున్నది అండ్ల?"

"నమూనాకు తెలిసినోళ్ల పేరు ఏసిండేమో. పెద్దమనిషికి చెప్పకు. పానం బేజారైతది." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లుంగీ మడతలో దోపుకున్నాడు. "బయట చింపేస్త."

అతడి మాట నమ్మదగ్గదే. వాళ్ల ఇంటి ముందు గది వీధిలోకి ఉంటుంది. అందులో కిరాయికి ఉన్న రామచంద్రం జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడతాడు. ఇంట్లో ఒక ప్రింటర్, సెంటర్లో ఒక ప్రింటర్, రెండింటికీ కలిపి ఒకటే రౌటర్. రెండూ ఒకే కంపెనీ, ఒకే రకం. కంప్యూటర్‌లో చూస్తే రెండూ ఒకే పేరుతో కనబడి తికమక పెట్టేవి. అందుకని ప్రేమ్‌సాగర్ రెండు కంప్యూటర్లలోనూ పేరు తీసేసి నంబరు కొట్టి పెట్టాడు. సెంటర్ ప్రింటర్‌కు 192.168.1.4, ఇంటి ప్రింటర్‌కు 192.168.1.5. చీటీలమీద రాసి వాటి పక్కన అతికించాడు కూడా.

అతడి పద్ధతే అంత. జడ్చర్ల దగ్గర మాత్రల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పొద్దున ఏడున్నర బస్సుకు రాత్రే బూట్లు గడప దగ్గర పెట్టుకుంటాడు. పండుగకు పది రోజుల ముందే పిండి పట్టిస్తాడు. "మా అల్లుడు ఆకలి కాకముందే తిని, నిద్ర రాకముందే పంటడు" అని ఐలేశం నలుగురిలో అని నవ్వుతాడు. ఆ నలుగురూ నవ్వుతారు. ప్రేమ్‌సాగర్ నవ్వడు. ఎనిమిదేళ్ల కింద అతడు ఈ ఇంటికి ఇల్లరికం, ఊరి మాటలో ఇల్లుటం, వచ్చాడు. ఒక్కతే కూతురు, భార్యకు అప్పటికే జబ్బు, అందుకని ఐలేశమే అడిగి తెచ్చుకున్నాడు.

బస్సు పోయింది. పీర్ల పండుగ సెలవు కాబట్టి సుచరితకు బడి లేదు. ఆమె ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. లెక్క కుదరకపోతే ఆమెకు అన్నం సయించదు.

రామచంద్రం నమూనా నింపాడే అనుకుందాం. అయితే తేదీ ఎందుకు మార్చాడు?

ఆమె ముందు గదికి వెళ్లింది. రేకు తలుపుకు తాళం వేసి ఉంది. ఫోన్ చేసింది.

"చెల్లె, నేను అమ్రాబాద్‌ల ఉన్న. మా అన్న బిడ్డకు లగ్గం మాటలని నిన్న పగటీలి బస్సుకే వచ్చిన. ఏమన్న పనుండెనా?"

"నిన్ననే పోయినవా? మరి కంప్యూటర్ ఎవరన్న వాడుతున్నరా అన్నా?"

"బంద్ చేసి, తాళమేసి వచ్చిన. చెవి మీ ఇంట్ల గూట్లనే పెట్టిన. ప్రేమన్నకు చెప్పిన గద."

ఫోన్ పెట్టేసి సుచరిత గూడు వంక చూసింది. తాళంచెవి అక్కడే ఉంది. రోజూ ఉన్నట్టే ఉంది.

ఇంటి ప్రింటర్ పక్కన చీటీమీద భర్త చేతిరాత: చివరి అంకె ఐదు. ప్రింటర్ మీద సమాచారం బొత్తాం ఉంటుంది. దాన్ని మూడు క్షణాలు నొక్కిపెడితే యంత్రం తన వివరాలన్నీ తానే ఒక పేజీమీద అచ్చువేసి ఇస్తుంది. ఆమె నొక్కింది. పేజీ వచ్చింది. నెట్‌వర్క్ చిరునామా దగ్గర వేలు పెట్టి చదివింది.

192.168.1.4.

మళ్లీ చదివింది. చీటీమీద ఐదు. కాగితంమీద నాలుగు.

రాత్రి వాన. రెండు గంటలు కరెంటు లేదు. ఆ చవక రౌటర్‌కు జ్ఞాపకం తక్కువ. కరెంటు పోయి వస్తే, ముందు లేచిన యంత్రానికి ముందున్న అంకె, వెనక లేచినదానికి వెనక అంకె ఇస్తుంది. తెల్లవారుజామున ఇంటి ప్రింటర్ ముందు లేచి నాలుగు తీసుకుంది. సెంటర్‌ది ఐదయింది. చీటీలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

అంటే ఆ కాగితాన్ని కొట్టినవాడు ఇక్కడికి పంపలేదు. నాలుగో నంబరుకు పంపాడు. తాళం వేసిన ముందు గదిలో రావాల్సిన కాగితం అది. ఆమె కంట పడకూడని కాగితం.

సుచరిత ఫోన్ తెరిచి, వెబ్‌సైటు పేరు రాసేచోట ఆ నాలుగు అంకెల గుంపులు కొట్టింది. ప్రింటర్ తనదైన చిన్న పేజీ ఒకటి చూపింది. సిరా ఎంత ఉంది, కాగితాలు ఎన్ని అయ్యాయి. కిందికి జరిపితే చివరిగా చేసిన పనుల జాబితా. 6:52, 6:58. రెండింటి పక్కనా పంపిన యంత్రం పేరు ఉంది: రామచంద్రం సెంటర్ కంప్యూటర్.

ఆరు యాభైరెండుకు ఆ తాళం వేసిన గదిలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అతడి పక్కన ప్రింటర్ పలకలేదు. తేదీ మార్చి మళ్లీ కొట్టాడు. అప్పుడూ పలకలేదు. లేచి తాళం వేసి వచ్చాడు. వచ్చి, నీళ్లు కాగాయా అని అడిగాడు.

కాదు. ఇంకా లెక్క పూర్తి కాలేదు. తాళంచెవి గూట్లో ఉంటే ఎవరైనా తీయొచ్చు. తండ్రి దగ్గరికి రోజూ పదిమంది గొర్లకాపరులు వస్తారు, పోతారు. మనిషిమీద ఇంత మాట మోపాలంటే ఇంకో ఆధారం కావాలి. ఆ తేదీ ఎందుకు జరిగింది?

మధ్యాహ్నం తండ్రికి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పీర్ల డప్పులు దూరంగా మోగుతున్నాయి.

"నాయినా, గీ శుక్రవారం మంచిది కాదా?"

"రాఖీ పున్నమి గద బిడ్డా. మంచిదే. ఎందుకు?"

"ఏం లే. గురువారానికి, శుక్రవారానికి ఏమన్న ఫరక్ ఉన్నదా అని."

ఐలేశం రొట్టె ముక్క పులుసులో ముంచి ఆగాడు. "బతికున్నోళ్లకు ఏం ఫరక్ లేదు. సచ్చెటోళ్లకే ఉన్నది. శుక్రవారం తెల్లారక ముందే ధనిష్ఠ పడ్తది. ఇగ ఐదు రోజులు గట్లనే. అప్పుడు ఇంట్ల పీనుగు లేస్తే ఇల్లు మూయాలె, ఆరు నెలలు. మీ అమ్మకు మూయలేదా?"

ఆమె చేతిలో చెంబు ఉండిపోయింది.

తల్లి భద్రమ్మ అయిదేళ్ల కింద ధనిష్ఠలోనే పోయింది. వాకిట్లో ముళ్లకంప వేసి ఇల్లు మూశారు. ఆరు నెలలు ముగ్గురూ గొర్ల దొడ్డి పక్క రేకుల కొట్టంలో ఉన్నారు. ప్రేమ్‌సాగర్ కంపెనీ బస్సెక్కితే పక్క సీటువాడు ముక్కు మూసుకున్నాడట. చొక్కాకు గొర్రె వాసన. ఆ రోజు వచ్చి, తెచ్చుకున్న అత్తరు సీసా గోడకేసి కొట్టాడు. "ఇంకోసారి ఈ కొట్టంల ఉండను. ఎవరు సచ్చినా ఉండను" అన్నాడు. ఆ మాటకు అప్పుడు ఆమె నవ్వింది.

శుక్రవారం చస్తే ఇల్లు మూయాలి. గురువారం చస్తే మూయక్కర్లేదు. ఆ లెక్క ఇంట్లో ఉండేవాడికే కావాలి. రామచంద్రానికి ఎందుకు? ఈ ఇల్లు మూస్తే అతడు ఇంకో గది చూసుకుంటాడు. ఈ ఇంట్లో పడుకునేది ముగ్గురు. ఒకరు చావాల్సినవాడు. ఒకరు తను. పొద్దున కాగితంలో ప్రేమ్‌సాగర్ కళ్లు నేరుగా పోయి ఆగిన గడి, తేదీ గడి.

"ఎందుకడిగినవు బిడ్డా, మొకం గట్ల పెట్టినవు?"

"నాయినా, గురువారం నువ్వేం చేస్తున్నవు?"

"నాకేం పని. పొద్దుగాల బాయికాడ మోటరు ఎయ్యాలె. అల్లుడు చెప్పిండు." ఐలేశం నవ్వాడు. "ఎనిమిదేండ్లల గా స్టార్టర్ డబ్బను నన్ను ఒక్కనాడు ముట్టనియ్యలే. ముసలోనికి ఏం తెల్వదంటడు. ఇప్పుడు డ్యూటీ జల్ది ఉన్నదట, మామా నువ్వే ఎయ్యి అన్నడు. నిన్న శుక్రవారం అన్నడు. ఇయ్యాల బస్సెక్కంగ గురువారం అన్నడు. కంపెనోళ్లు డ్యూటీ మార్చిన్రట."

మరణ కారణం: విద్యుదాఘాతం.

సుచరిత చెంబు కింద పెట్టింది. పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా చూసుకుంది.

ఇక మిగిలింది ఎందుకు అన్న ప్రశ్న. దానికి జవాబు కాగితంలోనే ఉంది. ఐలేశానికి డెబ్బై దాటాయి. కానీ ఆధార్ రాసినవాడు పుట్టిన తేదీ అడిగితే "కరువు సాలు" అని ఐలేశం చెప్పాడు. ఏ కరువని అతడు అడగలేదు. జనవరి ఒకటి వేసి, తోచిన సంవత్సరం రాసుకున్నాడు. ఆ కాగితం లెక్కన ఐలేశానికి యాభైతొమ్మిది. చనిపోతే నామినీకి ఐదు లక్షలు ఇచ్చే రైతు బీమా యాభైతొమ్మిదితో ఆగిపోతుంది. ఆ ఏటి బీమాకు ఆఖరు రోజు ఆగస్టు పదమూడు, శనివారం. ఆదివారం నుంచి ఐలేశం చావుకు ఎవరూ ఏమీ ఇవ్వరు.

"నాయినా, నేను చెప్పేదాక మోటరు దిక్కు పోవద్దు. నామీద ఒట్టు."

"గదేం ఒట్టే? వరి ఎండుతది."

"ఎండనియ్యి."

ఐలేశం కూతురి మొహం చూసి తల ఊపాడు.

ఆ సాయంత్రం ప్రేమ్‌సాగర్ వచ్చాడు. సుచరిత అన్నం పెట్టింది. కోడిగుడ్డు పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాడు. "పొద్దటి కాగితం మరిచిపో. రామచంద్రాన్ని నేను అడుగుత" అన్నాడు. మరిచిపోయానంది. పడక తండ్రి గది గడప దగ్గర వేసుకుంది. అడిగితే నడుం నొప్పి, చల్లటి బండ కావాలంది.

బుధవారం పొద్దున అతడు బస్సెక్కగానే బడికి సెలవు చెప్పింది. రామచంద్రం తొలి బస్సుకే అమ్రాబాద్ నుంచి దిగాడు. ఫోన్‌లో సగం విన్నాడు, మిగతా సగం ఇప్పుడు విన్నాడు. నోట్లో తంబాకు ఉమ్మేసి అన్నాడు, "నా కంప్యూటర్ల ఇంత పనా? ఊరంత నన్నే అనుకునెటోళ్లు గద చెల్లె! బీమా ఫారాలు నింపెటోడు రామచంద్రమే గద!"

"నేను గూడ మొదలు నిన్నే అనుకున్న అన్నా."

"అనుకుంటవు. కిరాయిదార్ల మీద అందరికి అనుమానమే."

ఇద్దరూ మోటరు మెకానిక్‌ను వెంటబెట్టుకుని పొలానికి పోయారు. మెకానిక్ స్టార్టర్ డబ్బా దగ్గర కూర్చుని మూత విప్పి చూశాడు. తర్వాత, డబ్బాకు ఉండాల్సిన ఎర్త్ వైరు విప్పి ఉందన్నాడు. ఊడిపోలేదు. ఎవరో విప్పారు. విప్పిన కొసకు కొత్త టేపు చుట్టి, ముడత లేకుండా చక్కగా లోపలికి మడిచి పెట్టారు. "ఇగ డబ్బకు కరెంటు తగిలించుడే మిగిలింది, ఐదు నిమిషాల పని అమ్మా. అది చేస్తే, తడి చేతుల్తోని డబ్బ ముట్టినోడు ఇంటికి రాడు."

ఆ టేపు చుట్టిన తీరు సుచరితకు తెలుసు. ఇంట్లో ప్రతి వైరుకూ అదే చుట్టు.

పోలీసు స్టేషన్లో ఎస్సై ఆమె దాచిన రెండో దరఖాస్తు, ప్రింటర్ వివరాల పేజీ, ఫోన్లో ఫొటోలు అన్నీ చూశాడు. మెకానిక్ చెప్పింది రాసుకున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ పెన్ను మూత పెట్టేశాడు.

"అమ్మా, సచ్చినోడు లేడు. దెబ్బ తగిలినోడు లేడు. కంప్యూటర్ కిరాయిదారుది. తాళంచెవి గూట్ల ఉన్నది. వైరు విప్పినోన్ని చూసినోడు లేడు. నేను తీసుకపోత, రెండు రోజులు అడుగుత. నాకు తెల్వదంటడు. మూడో రోజు మీ ఇంటికే వస్తడు. అప్పుడు ఏం చేస్తవు?"

"ఆదివారమైతే ఇగ చంపడు సార్. ఫాయిదా లేదు."

"గీ బీమా పోతది. మనిషి మారుతడా?"

తండ్రి ముందు ఇంకా ఎన్నేళ్లు ఉన్నాయో, అన్నేళ్లూ అతడు తాగే నీళ్లు, ముట్టుకునే వైరు తనే చూసుకుంటూ బతకాలి.

"ఆయన నోటి నుంచి రావాలె" అన్నాడు ఎస్సై. "వస్తే నేను వింట."

"వచ్చి వినుండ్రి సార్. నాలుగున్నరకు."

నాలుగు నలభైకి ప్రేమ్‌సాగర్ బస్సు దిగాడు. సెంటర్ గడపలో నిలబడి రామచంద్రం చెయ్యి ఊపాడు.

"ప్రేమన్నా! జర గీ ప్రింటర్ సంగతి చూడు. పొద్దటిసంది పలుకుతలేదు. ఐదుగురు వచ్చి తిట్టి పోయిన్రు."

ప్రేమ్‌సాగర్ టిఫిన్ డబ్బా పక్కన పెట్టి లోపలికి వెళ్లాడు. కుర్చీలో కూర్చున్నాడు. ప్రింటర్ పక్కన తను అతికించిన చీటీ చూశాడు, కంప్యూటర్‌లో అదే అంకె కొట్టాడు. యంత్రం పలకలేదు.

"నంబరు సక్కగనే ఉన్నది గద" అన్నాడు తనలో తాను.

గోడకు అటువైపు సుచరిత ఫోన్ పట్టుకుని ఉంది. పొద్దున సెంటర్ ప్రింటర్ బొత్తాం నొక్కి దాని పేజీ కూడా తీసి చూసుకుంది. ఫోన్‌లో ప్రింటర్ చిరునామా అడిగినచోట 192.168.1.5 అని రాసింది. పంపింది.

ముందు గదిలో ప్రింటర్ గుర్రుమంది. ప్రేమ్‌సాగర్ ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరిపాడు. కాగితం నెమ్మదిగా బయటికి వచ్చింది.

రైతు బీమా దరఖాస్తు కాదు అది. తెల్లకాగితంమీద అదే వరసలో ఐదు పంక్తులు.

మరణించినవారి పేరు: ప్రేమ్‌సాగర్.
మరణించిన తేదీ: 11-08-2022.
కారణం: విద్యుదాఘాతం.
నామినీ: సుచరిత, భార్య.
ఇల్లు మూయనక్కర్లేదు.

అతడు ఆఖరి పంక్తి చదివేసరికి రామచంద్రం గడప దాటి బయట నిలబడ్డాడు. రామచంద్రం తనవైపు గొళ్లెం ముందే తీసి ఉంచిన లోపలి తలుపు తెరుచుకుని సుచరిత వచ్చింది.

"ఏంది గిది?" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"నువ్వు కొట్టింది నాకొచ్చింది. నేను కొట్టింది నీకొచ్చింది. సోమవారం రాత్రి కరెంటు పోతే నంబర్లు మారినయి. చూస్కోలేదా?"

"నీకు పిచ్చిలేసిందా? గిది రామచంద్రం కంప్యూటర్."

"రామచంద్రమన్న ఆ పొద్దున అమ్రాబాద్‌ల ఉన్నడు. బస్సు టికెట్ ఉన్నది."

"అయితే? తాళంచెవి గూట్ల ఉంటది. ఎవడన్న తీస్తడు."

"ఎవడన్న తీస్తే, శుక్రవారం గురువారం ఎందుకైతది?"

అతడు కాగితం బోర్లా పెట్టాడు. అంచులు సరిచేశాడు. బల్లకు సమానంగా జరిపాడు. ఎప్పుడూ అలాగే చేస్తాడు.

"వైరు ఎలకలు కొరికినయేమో" అన్నాడు.

సుచరిత వైరు మాట ఎత్తలేదు. గడప బయట రామచంద్రం ఎత్తలేదు. తనేమన్నాడో అతడికి అప్పుడు అర్థమైంది.

లోపలి తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది. ఐలేశం వచ్చాడు. కూతురు అంతా చెప్పింది మధ్యాహ్నమే. అప్పటినుంచి మంచం దిగలేదు. ఇప్పుడు దిగాడు. గడపమీద నిలబడి అల్లుణ్ని చూశాడు. తిట్టలేదు. కర్ర ఎత్తలేదు.

"అల్లుడా, రేపు పొద్దుగాల మోటరు ఎయ్యనా?" అని అడిగాడు.

ప్రేమ్‌సాగర్ తల ఎత్తలేకపోయాడు. ముసలాయన వెనక లోపలి గది చీకట్లో ఇంకో మనిషి, ఖాకీ చొక్కా, కనబడ్డాయో లేదో. కనబడినా ఇక ఆపుకోలేకపోయాడు. నేలవైపే చూస్తూ, రోజూ డ్యూటీ సంగతులు చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"వద్దు మామా. ముట్టకు. ఎర్త్ వైరు నేనే విప్పిన. ఆదివారం విప్పిన. మిగతా పని ఇయ్యాల పొద్దుగూకినంక చేద్దామనుకున్న. ఎవరు చెప్పలే నాకు, ఎవరు తోడు లేరు. నేనే.

"బీమా కాగితం పోయిన నెలల చూసిన. పదమూడో తారీకుతోని ఖతం అని ఉన్నది. డెబ్బైయేండ్ల మనిషి. ఇయ్యాల కాకపోతే ఇంకో రెండేండ్లకు ఎట్లన్న పోయెటోడే గద అనుకున్న. గప్పుడు పోతే ఉత్తగ పోతడు. గిప్పుడు పోతే అక్కరకొస్తడు అనుకున్న. గా మాట ఒక్కసారి మనసుల పడ్డంక, ఇగ రోజు లెక్కపెట్టుకున్న. ఇరవై రోజులున్నయి, పది రోజులున్నయి అని. నువ్వు అన్నం తింటుంటే గూడ లెక్కపెట్టిన మామా.

"నువ్వు చెడ్డోనివి కాదు. అబద్ధం చెప్ప. పోయిన ఆదివారం గూడ మూలుగబొక్క నీ పళ్లెంలకెల్లి తీసి నాకేసినవు. అది తిన్న. తిని లేచి పోయి వైరు విప్పిన. కానీ ఎనిమిదేండ్లు మామా. ఊర్లె నాకు పేరు లేదు. ఐలేశం అల్లుడు. ఇల్లుటపోడు. గొర్రె వాసనోడు. ఆకలి కాకముందే తింటడని నువ్వంటే అందరు నవ్విన్రు. నువ్వు మరిచిపోయినవు. నేను మరువలే.

"ఫారం ముందే నింపి పెట్టుకున్న. నాకు గదే రోగం. ఆనాడు ఏడ్పుల మధ్యల సంతకం అడుగుడు బాగుండదని, సుచరిత చెయ్యి పట్టి పెట్టిచ్చుకుందామని, కాగితాలన్ని ఒక్కతాన తయారుంచుకున్న. ఆడ ప్రింటర్ పలకకపోతే, కాగితం ఇరికిందేమో అనుకున్న. నంబరు చూస్కోలే. నేనే రాసి అతికిచ్చిన గద, నా రాత నేను నమ్మిన.

"ముందు శుక్రవారమే పెట్టిన. రామచంద్రం గోడకు క్యాలెండర్ ఉన్నది. కుర్చీల కూసోని తలెత్తి చూస్తే ధనిష్ఠ అని కనబడ్డది. అప్పుడు మార్చిన. నువ్వు నాకోసం అనుకుంటున్నవు సుచరితా, నేను గా కొట్టంల ఉండలేక మార్చిన అనుకుంటున్నవు. కాదు. నీకోసం. మీ అమ్మ పోయినప్పుడు ఆరు నెలలు నువ్వు గా రేకుల కింద ఎట్ల గోసపడ్డవో నేను చూసిన. తండ్రిని పోగొట్టుకున్న మనిషి ఇల్లు గూడ పోగొట్టుకోవద్దని, గురువారం అని కొట్టిన. గదొక్కటి నీకోసం చేసిన."